సూది పట్టనన్న సిస్టరమ్మ

మాయాబందర్,
ఫిబ్రవరి 9.

నాన్నా,

నీ పెద్దపిల్ల కాసులమ్మ వందనాలు. అమ్మని అడిగానని చెప్పు. తమ్ముడి చిటికెనవేలు ఒకసారి లాగు, అది నా పేరని వాడికి తెలుసు.

ఈ ఉత్తరం పోర్ట్ బ్లెయిర్ బస్సు తోలే గణేశ్వరరావు చేతికిస్తున్నాను. మన పక్కింటి తవిటమ్మ కొడుకే కాబట్టి జంగ్లీఘాట్ చేరగానే నేరుగా ఇంటికి తెచ్చి ఇస్తాడు. ఫోను చేద్దామంటే నీకు వినపడదు. ముప్ఫై ఏళ్ళు డింగీ పడవ ఇంజిను పక్కన కూర్చుని చెవులు పోగొట్టుకున్నావు. నేను అరిస్తే మా క్వార్టర్లవాళ్ళందరూ వింటారు, నువ్వు తప్ప. పైగా ఇది అరిచి చెప్పే సంగతి కాదు. చిన్నప్పుడు బైబిలు ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించావు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ అండమాన్‌లో హిందీ బడిలో చదివిన నాకు తెలుగులో ఇంత ఉత్తరం రాయడం ఎక్కడ వచ్చేది?

పోయిన శుక్రవారం ఇక్కడ మన తెలుగువాళ్ళ ఉపవాస ప్రార్థనకి కాకినాడ వైపు నుంచి ఒక బోధకుడు వచ్చాడు. నడివయసు మనిషి, గొంతు బాగుంది, పాటలూ బాగా పాడాడు. వాక్యం మధ్యలో ఆగి, ఇప్పుడు సర్కారువాళ్ళు పిల్లలందరికీ వేస్తున్న టీకా ఉందే, తట్టుకీ రుబెల్లాకీ కలిపి వేసేది, అది కడుపులో చంపిన బిడ్డ కణాల్లో పెంచిన మందు, దాన్ని ముట్టుకున్న విశ్వాసి చేతులు ఎంత కడుక్కున్నా శుభ్రం కావు అన్నాడు. నేను ముందు వరసలో కూర్చున్నాను. ఊళ్ళో ఆ సూది వేసేది ఎవరో అందరికీ తెలుసు. అందరూ నా వీపు వైపే చూస్తున్నారని వెనక్కి తిరక్కుండానే తెలిసింది. నేను ఊరుకునే రకం కాదు కదా. లేచి నిలబడి, అయ్యగారూ, పదహారేళ్ళుగా నర్సు పని చేస్తున్నాను, ఇలాంటి గాలివార్తలు పోలియో చుక్కలప్పుడూ విన్నాను, తెలియకపోతే తెలుసుకుని మాట్లాడండి అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. మీ డాక్టరునే అడుగు తల్లీ అన్నాడు.

అడిగాను నాన్నా. ఆయన అబద్ధమాడాడని రుజువు చేద్దామని పొగరుగా వెళ్ళి మరీ అడిగాను. మా డాక్టరమ్మ రాంచీవాళ్ళ పిల్ల, మాట పొదుపు మనిషి. నవ్వి కొట్టిపారేస్తుందనుకున్నాను. ఆవిడ రాస్తున్న పెన్నుకి మూత పెట్టి, "సచ్ హై, సిస్టర్," అంది. నిజమేనట. నాకు కాసేపు ఆవిడ పెదవులు కదలడం కనిపించింది తప్ప మాట వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడిగాను.

అరవయ్యో దశకంలో, ఎక్కడో విదేశంలో, ఒక తల్లి తనకి బిడ్డ వద్దనుకుని తీయించుకుంది. మందు కోసం తీయించలేదు, ఆమె కారణాలు ఆమెవి. ఆ బిడ్డ ఊపిరితిత్తుల్లోంచి చిన్న ముక్క తీసి, ఆ కణాల్ని గాజు పాత్రల్లో పెంచారు. ఒకటి రెండై, రెండు నాలుగై, ఈరోజుకీ పెరుగుతున్నాయి. అలాంటివి ప్రపంచంలో ఒకటి రెండు రకాలున్నాయట. రుబెల్లా పురుగుని వాటిలో పెంచి, బలం తగ్గించి, శుభ్రం చేసి మందు చేస్తారు. సీసాలో ఆ కణం ఉండదు, కొత్తగా ఏ బిడ్డనూ చంపడం లేదు అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ఆ పురుగుని మొదట పట్టింది కూడా, జబ్బు తగిలి భయపడిన ఒక తల్లి తీయించుకున్న పిండంలోంచేనట. నువ్వు అడిగావు కాబట్టి దాచకుండా చెప్తున్నాను, దీన్ని తెలుసుకునే హక్కు నీకుంది అంది.

నాన్నా, ఈ చేత్తో ఎన్ని వందలమందికి వేశానో లెక్క లేదు. వేసిన పిల్ల గోటికి సిరా గుర్తు పెట్టి, అయిపోయింది బంగారం, ఏడవకు అని పంపేదాన్ని. నాకు నిలవకుండా పోయిన ఇద్దరు పిల్లల సంగతి నీకు తెలుసు. మూడో నెల దాటని బిడ్డని కూడా నేను బిడ్డ అనే అనుకున్నాను, పేర్లు కూడా పెట్టుకున్నాను. కడుపు తీయించుకుంటామని వచ్చిన ఆడవాళ్ళతో గంటలు గంటలు కూర్చుని, బతిమాలి, తిట్టి, ఇంటికి పంపిన దాన్ని. నా చేతిలో ఉన్న సీసాకి వెనక అలాంటి బిడ్డే ఉందని పదహారేళ్ళలో ఒక్కరూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. నిన్న టీకాల ఐసు డబ్బా భుజాన వేసుకోబోయి మళ్ళీ కింద పెట్టేశాను.

డాక్టరమ్మ కేథలిక్కు. వాళ్ళ రోము పెద్దలు దీని గురించి చాలా ఏళ్ళు ఆలోచించి, వేరే మందు దొరకనప్పుడు దీన్ని వేయించుకోవచ్చు, అయితే వేరే విధంగా చేసిన మందు కావాలని అడగడం మానకూడదు అన్నారట. వాళ్ళకి పెద్దలున్నారు. నాకు నువ్వున్నావు.

ఇంకో మాట. ఈ టీకా గురించి మాకు శిక్షణ ఇచ్చినప్పుడు, రుబెల్లా తట్టు పెద్ద జబ్బు కాదు, మూడు రోజులు ఎర్రగా దద్దు పోసి పోతుంది, కానీ కడుపుతో ఉన్న మనిషికి మొదటి నెలల్లో తగిలితే పుట్టే బిడ్డకి చెవులు పోతాయి, కళ్ళలో తెల్లపొర వస్తుంది, గుండెలో లోపం ఉంటుంది అన్నారు. వింటుంటే తమ్ముడు గుర్తొచ్చాడు. కానీ వాడు అమ్మ కడుపులో ఉన్న ఏడు మన వీధంతా అమ్మవారు పోసినా నా భార్య ఒంటి మీద ఒక్క దద్దు కూడా లేవలేదని నువ్వు ప్రతి ఈస్టరుకీ సంఘంలో సాక్ష్యం చెప్తావు కదా, అందుకని ఆ ఆలోచన తీసేశాను. మొన్న డాక్టరమ్మకి తమ్ముడి సంగతి చెప్తే, మీ అమ్మని మరోసారి అడుగు, ఒక్కోసారి చాలా తేలిగ్గా వచ్చి పోతుంది అంది. వీలైతే అడుగు.

ముఖ్యమైనది ఇది. నువ్వు ఒక్క మాట రాయి. వెయ్యమంటే కళ్ళు మూసుకుని వేస్తాను. వద్దంటే ఉద్యోగం మానేస్తాను, మా ఆయన జెట్టీ జీతంతో బతకగలం. నీ మాట వచ్చేదాకా నేను సూది పట్టను.

నీ కూతురు,
కాసులమ్మ

మాయాబందర్,
మార్చి 12.

నాన్నా,

నెల దాటింది. బస్సు వచ్చిన ప్రతిసారీ వెళ్ళి నిలబడుతున్నాను. గణేశ్వరరావు నన్ను చూసి దూరం నుంచే చెయ్యి ఊపేస్తున్నాడు, ఏమీ లేదు దీదీ అని. సంఘంలో ఎవరికి పంటినొప్పి వచ్చినా అరపేజీ ప్రార్థన రాసి పంపుతావు. నా ఉత్తరానికి రెండు ముక్కలు రాయలేకపోయావా? అలిగి రాస్తున్నాను అనుకో. అలక కంటే పెద్ద సంగతి ఉంది.

నేను సూది పట్టనని డాక్టరమ్మకి రాసిచ్చాను. ఆవిడ తిట్టలేదు. బలవంతంగా వేయించను, ఇంకో సిస్టరు దొరికేదాకా ఆగుదాం అంది. ఇక్కడ నర్సులు తక్కువ, ఉన్నవాళ్ళకి వాళ్ళ ఊళ్ళే సరిపోతున్నాయి. ఫిబ్రవరి పదమూడున జాలర్ల బస్తీలో జరగాల్సిన టీకాల రోజు వాయిదా పడింది. రెండుసార్లు పడింది. ఉపవాస ప్రార్థనలో మాత్రం నన్ను ముందుకి పిలిచి, బైబిల్లోని మంత్రసానుల్లాగ రాజుకి భయపడని బిడ్డ అని మెచ్చుకున్నారు. నిజం చెప్తున్నాను, మురిసిపోయాను. రాత్రి అద్దంలో నా మొహం చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

పోయిన మంగళవారం ఆ బస్తీలో అప్పలకొండమ్మ అనే ఆవిడ ఇంట్లో ఐదేళ్ళ మనవడికి ఒంటినిండా ఎర్రగా పోసింది. నేను వెళ్ళేసరికి గుమ్మానికి వేపాకు కట్టారు. అమ్మవారు దిగేదాకా కడుపుతో ఉన్నవాళ్ళు ఆ ఇంట్లో ఉండకూడదని చిన్నకోడలు రామలక్ష్మిని పక్కింటికి పంపారు. ఆ పిల్లకి పందొమ్మిదేళ్ళు, మూడో నెల. పంపడం మంచిదే, కానీ దద్దు పైకి కనిపించడానికి వారం ముందు నుంచే జబ్బు అంటుకుంటుంది. ఆ వారమంతా పిల్లాడు రామలక్ష్మి ఒళ్ళోనే ఉన్నాడట, ఆమె పళ్ళెంలోనే తిన్నాడట.

డాక్టరమ్మ వచ్చి చూసి, రుబెల్లాలాగే ఉంది అంది. రామలక్ష్మికి రక్తం తీసి పోర్ట్ బ్లెయిర్ పంపారు. చిన్నప్పుడు ఎప్పుడైనా ఈ జబ్బు వచ్చి ఉంటే భయం లేదట, రాకపోయి ఉంటే బిడ్డకి ప్రమాదమట. కాగితం రావడానికి పది రోజులు పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో అడిగాను, ఆ పదమూడున నేను వేసి ఉంటే ఆ పిల్లాడికి వచ్చేది కాదా అని. చెప్పలేం అంది. రెండోసారి అడిగినా అదే అంది. వచ్చేదే అని ఉంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. వచ్చేది కాదు అని ఉంటే ఏడ్చేదాన్ని. ఏ ఒక్కటీ చెయ్యలేకుండా ఉన్నాను.

ఇంకా ఉంది. నిన్న అప్పలకొండమ్మ మా సెంటరుకి వచ్చి, బెంచీ మీద కూర్చోకుండా నిలబడే అడిగింది. "సిస్టరమ్మా, గుడ్డీ సెవుడూ పుడతాదేమో అన్నారు కదా. అలగైతే ఇప్పుడే తీయించీమంతావేటి? నువ్వేటంతే అదే సేత్తాం."

నాన్నా, అరవై ఏళ్ళ కిందట, ఎవరో బిడ్డని చంపారని నేను సూది కింద పెట్టాను. ఇప్పుడు నా ఎదురుగా నిలబడి, ఇంకో బిడ్డని చంపమంటావా అని అడుగుతున్నారు, అదీ నన్ను నమ్మి. ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్నకి వద్దే వద్దని చెప్పినదాన్ని, నిన్న కాగితం రానీ అమ్మా అని మాత్రం అన్నాను. ఆవిడ వెళ్ళిపోయాక మందుల గది తలుపు వేసుకుని కూర్చున్నాను. నేను చేసింది విశ్వాసమా, పొగరా? నువ్వు అలాంటి బిడ్డని పెంచినవాడివి. వాళ్ళకి ఏం చెప్పాలో నువ్వే చెప్పాలి. ఈసారి రాయకపోతే నేనే బస్సెక్కి వస్తాను.

కాసులమ్మ

జంగ్లీఘాట్,
మార్చి 18.

కాసులూ, నా తల్లీ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది అందిన రోజే జవాబు రాయడం మొదలుపెట్టాను. నాలుగుసార్లు రాసి చింపేశాను. నీ ప్రశ్నకి జవాబు తెలియక కాదు, నువ్వు చివర్లో, వీలైతే అడుగు అని రాసిన మాట నన్ను పట్టుకుంది. అక్కడి నుంచి కదలలేకపోయాను. నీకిది చెప్పకుండా ఇంకేం చెప్పినా అది దొంగమాటే అవుతుంది.

ముందు నీ ప్రశ్న. ఆ బిడ్డని చంపడం పాపమే. ఎంత మేలు జరిగినా అది పాపం కాకుండా పోదు. ఈ వయసులో ఆ మాట మార్చుకోను, నువ్వూ మార్చుకోకు. పేరు తెలియని ఆ బిడ్డ కోసం ఈ నెలంతా ప్రార్థించాను. అయితే, సూది పట్టు అనో పట్టకు అనో తీర్పు చెప్పే స్థానంలో నేను లేను. ఎందుకు లేనో విను.

నీకప్పుడు నాలుగో ఏడు. నేను బాప్తిస్మం తీసుకుని ఏడాది కాలేదు. మన వీధిలో పది ఇళ్ళు మనవాళ్ళవి, తొమ్మిది ఇళ్ళకి అమ్మవారు, మన ఒక్క ఇంటికి ప్రభువు. అసిరయ్య ఆశీర్వాదం అయ్యాడట అని ఎగతాళి చేసేవాళ్ళు. నన్ను పడవలోకి పిలవడం మానేశారు. ఎప్పుడు వాళ్ళ ముందు నా దేవుణ్ణి రుజువు చేస్తానా అని కాచుకుని ఉండేవాణ్ణి. ఆ చలికాలంలో వీధిలో పిల్లలకి ఎర్రగా పోసింది. తొమ్మిది ఇళ్ళకీ వేపాకు కట్టారు. వీధిలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళు నలుగురు. ముగ్గుర్ని ప్రోతరాపూర్‌లో చుట్టాల ఇళ్ళకి పంపేశారు. నాలుగో మనిషి మీ అమ్మ, రెండో నెల.

తవిటమ్మ కూడా కడుపుతోనే ఉంది. వెళ్తూ వెళ్తూ మన గుమ్మం బయట నిలబడి, "అన్నా, బుల్లమ్మని నాతో అంపు. దేవుళ్ళ తగువు తరవాత సూసుకుందాం," అంది. మీ అమ్మ అప్పటికే చీర మార్చుకుని ఉంది, వెళ్దామనే ఉంది. నేను వీధంతా వినేలాగ, మా ఇంట్లో అమ్మోరికి భయపడేవాళ్ళు లేరు అన్నాను. తవిటమ్మ వెళ్ళిపోయింది.

మూడో రోజుకి నీ ఒంటినిండా పోసింది. సాక్ష్యంలో నేను ఇన్నేళ్ళూ వదిలేసిన ముక్క ఇదే. వీధంతా పోసిందని చెప్పాను, నీకు పోసిందని ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడైనా మీ అమ్మని పంపాల్సింది. అలా పంపితే భయపడ్డట్టు అవుతుంది కదా. ఏం చేశానో తెలుసా? నిన్ను ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో, అందరికీ కనపడేలా కూర్చోమన్నాను. మూడు రోజులు కూర్చుంది. పక్కన నిలబడి నేను పాటలు పాడాను. సువార్త చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదనుకున్నాను. ఆ ఆదివారమే లేచి, నా భార్యకి ఒక్క దద్దు రాలేదని సంఘంలో చెప్పేశాను.

ఆ వానాకాలంలో నీ తమ్ముడు సమూయేలు పుట్టాడు. కంటిపాపలు పాలరంగులో ఉన్నాయి. ఎంత పెద్ద చప్పుడు చేసినా ఉలిక్కిపడలేదు. మద్రాసు తీసుకెళ్తే ఒక కంటికి కాస్త చూపు వచ్చింది, అంతే. దేవుడు నాకు సిలువ ఇచ్చాడని బోధించాను. ప్రతి ఈస్టరుకీ మొదటి సాక్ష్యం చెప్పాను, ప్రతి మంచి శుక్రవారానికీ ఈ రెండోది చెప్పాను. రెండింటికీ మధ్య రెండు రోజులే ఉంటాయి కాసులూ, ముప్ఫై మూడేళ్ళుగా ఒక్కసారైనా ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. నీ ఉత్తరం చదివిన రోజు చూశాను. ప్రోతరాపూర్ వెళ్ళిన ముగ్గురికీ పుట్టిన పిల్లలు బాగున్నారు. మన ఉత్తరాలు మోస్తున్న గణేశ్వరరావు అందులో ఒకడు.

ఇందులో నీ తప్పు గోరంత లేదు. నాలుగేళ్ళ పిల్ల జబ్బుపడింది, తల్లి ఒళ్ళో కూర్చుంది. తప్పంతా గుమ్మంలో నిలబడి పాటలు పాడినవాడిది. నా విశ్వాసం చూపించుకోవడానికి నేను పణం పెట్టింది నా ఒంటిని కాదు, మీ అమ్మ కడుపుని. నువ్వు సూది కింద పెట్టినప్పుడు ఎవర్ని పణం పెట్టావో నేను చెప్పక్కర్లేదు. నువ్వు నా కూతురివని ఇంతకాలం గర్వపడ్డాను. ఆ ఉత్తరం చదివి మొదటిసారి భయపడ్డాను.

రామలక్ష్మి ఇంటివాళ్ళకి ఏం చెప్పాలో అడిగావు. తీయించొద్దని చెప్పమని రాయబోయి కలం ఆపేశాను. నీ తమ్ముడి కోసం రాత్రుళ్ళు మేలుకున్నది మీ అమ్మ, నేను ప్రార్థన కూడికలకి తిరిగాను. అందుకని నీ ఉత్తరాలు రెండూ మీ అమ్మకి చదివి వినిపించాను. ఆ తరవాత, నీకు నిజంగానే దద్దు రాలేదా బుల్లమ్మా అని అడిగాను. లేచి వెళ్ళి సంచీ సర్దుకుంది. తమ్ముడి బట్టలు కూడా పెట్టింది. రేపటి బస్సుకి మాయాబందర్ వస్తున్నారు. నన్ను రావద్దంది.

నిన్ను క్షమాపణ అడగడం ఎలాగో తెలియని,
నాన్న

మాయాబందర్,
మార్చి 28.

నాన్నా,

నీ ఉత్తరం అమ్మ చేతే అందింది. సెంటరు మెట్ల మీద చదివాను. నాలుగో పేజీ దగ్గర అమ్మ నా చేతిలోంచి కాగితాలు తీసుకుని మడిచి, ముందు అన్నం తిను అంది. తిన్నానో లేదో గుర్తు లేదు. తమ్ముడు నా మణికట్టు తడిమి గుర్తుపట్టి, నా చిటికెనవేలు పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. వాడి మొహంలోకి చూడలేకపోయాను. ఆ మొహాన్ని అలా చేసిన దద్దు నా ఒంటిదే అని ఇన్నేళ్ళూ తెలియకుండా వాడికి అన్నం తినిపించాను, ఆటలాడించాను, విసుక్కున్నాను కూడా. తప్పు నాది కాదని నువ్వు రాశావు. చదివాను. నమ్మడానికి కొంతకాలం పడుతుంది.

మర్నాడు అమ్మ నన్ను కూడా అడక్కుండా దారి కనుక్కుని తమ్ముడితో అప్పలకొండమ్మ ఇంటికి వెళ్ళింది. నేను వెనకాల పరిగెత్తాను. నీలాగ ప్రసంగం ఏమీ చెయ్యలేదు. టీ తాగింది, చేపల ధర అడిగింది. తమ్ముడు వసారాలో చేతికి తగిలిన వల పట్టుకుని కూర్చుని, రామలక్ష్మి మొగుడు మల్లేశు వేసిన ముడులు నచ్చక విప్పి, మళ్ళీ వేస్తున్నాడు. మల్లేశు ముందు మొహం ముడుచుకుని, తరవాత దగ్గర కూర్చుని వాడి వేళ్ళు చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు అమ్మ రామలక్ష్మితో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఈడి కోసం పదేళ్ళు నిద్దర నేదు నాకు. సస్తే బాగున్నని అనుకున్న రోజులున్నాయి, దేవుడి తోడు. ఇప్పుడు ఈడు ఒక్క పూట కనపడకపోతే నా పేనం ఆగదు. రెండూ నిజమే. నీకు భయమేస్తే నన్ను అడుగు, దాయకుండా సెప్తాను. ఉంచుకోమని సెప్పను, తీసెయ్యమని సెప్పను. కానీ ఇలగ పుట్టకుండా ఆపే సూది ఆ దినాల్లో నాకు దొరికుంటే నాను పరిగెట్టుకెల్లి ఏయించుకుందును."

రామలక్ష్మి వసారాలోకి వచ్చి, తమ్ముడు ముడి బిగించిన చోట వేలు పెట్టి చూసింది. తరవాత అత్త వైపు తిరిగి, ఎలాగుంటే అలాగే ఉంచుకుంతాను అత్తా అంది. అప్పలకొండమ్మ ఏడ్చింది కానీ కాదనలేదు. మూడు రోజులకి కాగితం వచ్చింది. రామలక్ష్మికి చిన్నప్పుడే ఎప్పుడో ఆ జబ్బు వచ్చి పోయిందట, బిడ్డకి భయం లేదు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను, కానీ నాకు తెలుసు, నేను చేసినదాన్ని అది మంచిపని చెయ్యదు. ఈసారికి తప్పించుకున్నాం.

నిన్న బస్తీలో టీకాలు వేశాను. మొదలుపెట్టే ముందు తల్లులందర్నీ కూర్చోబెట్టి, ఈ మందు ఎలా తయారైందో, డాక్టరమ్మ నాకు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. చెప్పకుండా వెయ్యడం నాకు ఇక చేత కాదు. మన సంఘం ఆవిడ ఒకామె తన ఇద్దరు పిల్లల్ని తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆపలేదు. వచ్చే వారం వాళ్ళింటికి వెళ్ళి మళ్ళీ మాట్లాడతాను. మిగతావాళ్ళు ఉండిపోయారు. వేరే విధంగా చేసిన మందు తెప్పించమని పెద్దాఫీసుకి అర్జీ రాస్తే డాక్టరమ్మ దాని కింద సంతకం పెట్టింది. ప్రతి ఏడూ రాస్తాను. మొదటి పిల్లకి సూది వేసేటప్పుడు ఆ పేరులేని బిడ్డ గుర్తొచ్చింది. ముప్ఫై ఒకటో పిల్లకి వేసేటప్పుడూ గుర్తొచ్చింది. అయినా వేశాను.

ఇక నువ్వు అడిగిన ప్రశ్న. అమ్మ నీకు ఇవ్వని జవాబు నాకు ఇచ్చింది. నీకు రాయమంది.

వచ్చింది నాన్నా. నువ్వు సంఘంలో సాక్ష్యం చెప్పిన రెండు వారాలకి అమ్మకి మెడ మీదా వీపు మీదా ఎర్రగా పోసింది. రెండు రోజులు ఉండి పోయింది. పైట నిండుగా కప్పుకుని నీకు వడ్డించింది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "మీ నాన అందరి మద్దినా సెప్పీసినాడు కదే, నా ఆడదానికి ఒక్క దద్దైనా నేదని. వీధిలో ఆయన్ని అబద్దీకుణ్ణి సెయ్యనేకపోనాను," అంది.

తమ్ముడు పుట్టాకైనా చెప్పొచ్చు కదా అన్నాను. కోపంగానే అన్నాను. అమ్మ నా జుట్టు దువ్వుతోంది అప్పుడు. దువ్వెన ఆపకుండా చెప్పింది. "ప్రోతరాపూర్ ఎల్లినోళ్ళ పిల్లల్ని సూసినప్పుడే నాకు తెలిసిపోనాది. సెప్తే మీ నాన మల్లీ సాచ్చెం సెప్పును. నీకు పోసిందని సెప్పును. నువ్వు సంగంలో అందరి మద్దినా కూకుని ఇందువు. ఇద్దరు పిల్లల్లో ఒకదాన్నైనా నవ్వుతా పెరగనిద్దుమని ఊరుకున్నాను."

ముప్ఫై మూడు ఈస్టర్లు అమ్మ సంఘంలో కింద కూర్చుని, తలమీద కొంగు కప్పుకుని, నీ సాక్ష్యం విని ఆమెన్ అంది. ఒక్కసారి నీ కోసం, మిగతావన్నీ నా కోసం.

అమ్మా తమ్ముడూ శుక్రవారం బస్సుకి బయల్దేరుతున్నారు, సాయంత్రానికి చేరతారు. ఆ రోజు నీకు ఉపవాస ప్రార్థన ఉందని తెలుసు. ఇంకెవరితోనైనా జరిపించు. బస్టాండుకి నువ్వే వెళ్ళు.

కాసులు